మంచు కురవని ఊళ్ళో ఇంగ్లీషు ఎమ్మే

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కుదురుగా కూర్చున్నానో లేదో, దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసిందని పెట్టెలోంచి గొంతు వినిపించింది. ఓరి దేవుడా, ఇంత దగ్గరా అని నాలో నేనే నవ్వుకున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, సమ్మె వల్ల బస్సులన్నీ డిపోల్లోనే పడున్న ఒకనాడు, ఇదే దారిన చంకలో ఒక వ్యాసం పెట్టుకుని ఎండలో నడిచాను. నా ఎమ్మే ఉంటుందో ఊడుతుందో తేలిపోవాల్సిన రోజది.

పెళ్ళయి, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక మళ్ళీ పుస్తకం పట్టడమంటే ఎట్లా ఉంటుందో నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన లారీల మెకానిక్, నేనేమో చంపాపేటలో ఒక చిన్న బళ్ళో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. ఇంగ్లీషు ఎమ్మే చేస్తే పెద్ద తరగతులిస్తామనీ, లేకపోతే వచ్చే జూన్‌లో ఇంకొకరిని చూసుకుంటామనీ బడివాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం కాలేజీలో చేరాను. మా అత్తమ్మకు ఇదంతా వింత. గంత ఇంగ్లీషు సదివి ఎవ్వలతోని మాట్లాడుతవే, నీ మొగనితోనా అని దీర్ఘాలు తీసేది గానీ, నేను క్లాసుకు బయల్దేరితే పిల్లలకు అన్నం కలిపి పెట్టేదీ ఆమే.

మిగతా పేపర్లన్నీ ఎట్లాగో గట్టెక్కాను; బజారు నోట్సు బట్టీ పట్టడంలో మా తెలుగు మీడియం వాళ్ళను కొట్టేవాళ్ళు లేరు. సొంతంగా ఒక వ్యాసం రాసివ్వాల్సిన పేపరు దగ్గరే చిక్కొచ్చి పడింది. ఇంగ్లీషులో రాయాలంటే అందులో ఇంగ్లండు వాతావరణమే ఉండాలని మా బ్యాచ్‌లో సగం మందికి గట్టి నమ్మకం. నేను చక్కగా మంచు కురిపించి, పొగగొట్టాల ఇళ్ళు కట్టి ఇచ్చాను. మా మేడమ్ కృష్ణా జిల్లా ఆవిడ, ఏళ్ళ కిందటే వచ్చి దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, మంచు నువ్వెప్పుడు చూశావమ్మా అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఇంకొక్క అవకాశమిస్తాను, ఇదే ఆఖరు అన్నారు. నేను తక్కువదాన్నా! మంచు తీసేసి ఎర్రటి రాలుటాకులూ, చలిమంట ముందు కూర్చున్న ఒక దొర తాతనూ పెట్టాను.

కాలేజీ బందు కావడంతో ఆ వ్యాసం మేడమ్ ఇంటికే తీసుకెళ్ళి ఇవ్వాల్సిన గడువునాడే నా నడక. ఇంట్లోంచి బయల్దేరి చౌరస్తాకు వచ్చేసరికి అక్కడ వంటావార్పు జరుగుతోంది. ఆ రోజులు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, నడిరోడ్డు మీదే రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టించి, అక్కడే వండి, దారినపోయేవాళ్ళను కూడా కూర్చోబెట్టి వడ్డించే నిరసన అది. పెద్ద గంటె పట్టుకుని పప్పు కలుపుతున్నది ఎవరనుకున్నారు, మా అత్తమ్మే! ఏడికి పోతున్నవ్ తినకుంట, కూసో అని కసిరింది. లారీలు ఎన్నడూ దాటనివ్వని విజయవాడ రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వేడి వేడి పప్పన్నం తిన్నాను. చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. మా ఊరోళ్ళందరూ ఒక్కటై కూర్చున్నట్టనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో పక్కనున్న ముసలాయన, ఆంధ్రోళ్ళు మూటముల్లె సదురుకొని పోవాలె, గప్పుడే మన పిల్లలకు నౌకరీలు అన్నాడు. చుట్టూ అందరూ ఔనన్నారు. నా గొంతులో ముద్ద అడ్డం పడింది. నేను పోతున్నది ఆంధ్రా మేడమ్ ఇంటికే కదా.

మేడమ్ తలుపు గడియ వేసుకుని ఒంటరిగా ఉన్నారు. గొడవలకు భయపడి కొన్నాళ్ళుగా గడప దాటలేదట. నా వ్యాసం మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తీసేసి, దీనికి మార్కులు వేయలేనమ్మా అన్నారు. సిగ్గు విడిచి వెక్కి వెక్కి ఏడ్చాను. మంచినీళ్ళిచ్చి, నీ దగ్గర కట్టెల పొగ వాసనొస్తోందే, ఎక్కణ్ణుంచి వస్తున్నావ్ అని అడిగారు. ఏడుపు మధ్యలోనే చౌరస్తా సంగతంతా చెప్పాను. ఇప్పుడు చెప్పిందే రాసెయ్యి, రేపు పొద్దున్నే మార్కులు పంపాలి అంటూ భోజనాల బల్ల మీది గిన్నెలు పక్కకు జరిపారు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో పొయ్యిలూ, పప్పూ, అత్తమ్మ గంటే, అన్నీ రాసుకుంటూ పోయాను. ఒక్క ముసలాయన మాట మాత్రం రాయలేదు. ఆవిడ బల్ల మీద, ఆవిడిచ్చిన కాగితం మీద అదెట్లా రాస్తాను?

మేడమ్ చివరిదాకా చదివారు. అక్కడ మా గురించి ఎవరూ ఏమీ అనలేదా అని మెల్లగా అడిగారు. తల వంచుకుని, అన్నారు మేడమ్ అన్నాను.

“మరి రాయలేదేం? అంతమంది కూర్చుని భోంచేసి ఒక్క చేదు మాటైనా లేకుండా లేచారంటే నేను నమ్మనమ్మా.”

కలం నా వైపు జరిపారు. ముసలాయన మాటా రాశాను, నా గొంతులో అడ్డం పడిన ముద్దా రాశాను. ఆ చోటు చదువుతుంటే ఆవిడ మొహంలో రంగు మారడం నా కళ్ళతో చూశాను. అయినా ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా కింద మార్కులు వేసి, గేటు దాకా వచ్చి, రోజులు బాగాలేవు, జాగ్రత్తగా వెళ్ళమ్మా అన్నారు. నేను ఆవిడకు చెప్పాల్సిన మాట అది.

రాష్ట్రం వచ్చింది, నాకు పెద్ద తరగతులూ వచ్చాయి. మేడమ్ మూటముల్లె సర్దుకోలేదు. ఆ గల్లీలోనే ఉండి, ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు దడదడా రాసేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. మనమే, ఎవరి మనసు నొచ్చుకుంటుందో అని, ఫోన్లలో పువ్వుల బొమ్మలూ శుభోదయాలూ పంపుకుంటూ బతికేస్తున్నాం. నేనేదైనా రాసి చూపిస్తే బాగుంది బాగుంది అంటారు అందరూ. తనను గుచ్చే మాటే రాయమని కలం చేతికిచ్చిన మనిషి మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.