గత్తం మడి అత్త

మా మేనత్త పోయిందన్న కబురు ఆదివారం పొద్దున్న చోడవరం మొదటి బస్సులో మా బావ మోసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా, "అమ్మ ఎల్లిపోయిందే" అన్నాడు. ముందురోజు సాయంత్రం కూడా పెరట్లో ఆకులు ఊడ్చిందట. తెల్లారి కాఫీకి లేపితే లేవలేదట. పేపర్లో పడేంత మనిషి కాదు మా అత్త. వీధి దాటితే ఆవిడెవరో ఎవరికీ తెలీదు. కానీ ఆ వీధిలో జ్వరం పడి లేచినవాళ్లలో, పురుడు పోసుకున్నవాళ్లలో, ఆవిడిచ్చిన బియ్యం తినని వాళ్లు లేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను ఆవిడ దగ్గరే పెరిగాను. నాన్నకి విశాఖపట్నం హార్బర్లో పని, ఒక్క గది అద్దె ఇల్లు, నలుగురు పిల్లలం. అత్తకి ఆడపిల్లలు లేరు. రెండో క్లాసులో ఉండగా సెలవులకని పంపిస్తే, పెళ్లయ్యేదాకా నేను వెనక్కి రాలేదు.

మావయ్య పొలం బుచ్చయ్యపేట వెళ్లే రోడ్డు పక్కన. దాదాపు అంతా చెరకే, గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లేది. ఇంటి తిండికి మాత్రం ఒకే ఒక్క వరి మడి ఉండేది. మావయ్య దాన్ని ఇంటి మడి అనేవాడు, అత్త గత్తం మడి అనేది. గత్తం అంటే మరేమీ కాదు, పశువుల పేడ, పొయ్యి బూడిద, రాలిన ఆకు, అన్నీ పెరటి గోతిలో పడి మాగిన ఎరువు. ఆ గొయ్యి మీద అత్తకున్న శ్రద్ధ మా చదువుల మీద ఉండి ఉంటే మేమందరం కలెక్టర్లం అయ్యేవాళ్లం. ఉల్లిపాయ తొక్క వీధిలో పారేస్తే ఊరుకునేది కాదు. పిడికెడు గత్తం తీసి వాసన చూసి, ఇంకా మాగలేదనో, ఇంక చేలోకి తోలొచ్చనో చెప్పేది. స్కూలుకెళ్లే ముందు పశువుల శాల ఊడ్చిన తట్ట ఆ గోతిలో వేసి రావడం నా వంతు. మా క్లాసు పిల్లలు నా పక్కన కూర్చోడానికి ముక్కు మూసుకునేవాళ్లు. ఏడుస్తూ ఇంటికొస్తే, వాళ్లింట్లో అన్నం ఎలాగొస్తందో అడగమని నన్నే ఎదురు కేకలేసేది.

ఎవరింట్లో ఎవరికి బాగులేదన్నా ఆ మడి బియ్యం ఒక సేరు గుడ్డలో మూటకట్టి నా చేత పంపేది. మనిషి లేచి తిరిగితే అది బియ్యం గొప్ప. లేవకపోతే ఆ ఇంటి నూతినీళ్లు మంచివి కావు. ఈ లెక్క ప్రకారం మా అత్త బియ్యం ఏనాడూ ఓడిపోలేదు. "దానికి మనం ఏటెడితే అదే మనకెడతాది" అనేది మడిని చూపించి. అంత మాటన్న మనిషి కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకునేది. మాడుగుల వెళ్లేవాళ్లెవరైనా హల్వా తేకుండా వస్తే మూతి ముడుచుకునేది. ఆ పంచదార చెరకుకి ఏ ఎరువు వేశారత్తా అని నేనొకసారి అడిగితే, గ్లాసు కిందపెట్టి, నాకు నోరెక్కువైందని తేల్చింది.

అరవైల ఆఖర్లో మా వీధి చివరింట్లోకి గ్రామసేవక్ గారు అద్దెకొచ్చారు. సైకిలు మీద ఊళ్లు తిరిగి, కొత్త విత్తనాలు, కొత్త ఎరువులు రైతులకి నేర్పడం ఆయన ఉద్యోగం. ఆయన మాట మీద మావయ్య చెరకుకి యూరియా వేశాడు. చెరకు ఏపుగా లేచింది. దాంతో మావయ్య కన్ను ఇంటి మడి మీద పడింది. అందులో తప్పేమీ లేదు, ఆ మడి గింజలు ఏడాది పొడుగునా వచ్చేవి కావు. ఆషాఢం వచ్చేసరికి గాదె ఖాళీ. ఆ తర్వాత కొట్టు బియ్యం, అదీ దొరికితే. దొరకని పూట అత్త తనకి ఆకలి లేదనేది. ఆ అబద్ధం నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

అయినా ఆ మడి మీద యూరియా, ఆవిడ మాటలో తెల్లమందు, పడనివ్వనని అత్త భీష్మించుకుంది. అందులో బలముండదంది, బాలింతలకి అలాంటి అన్నం ఎలా పెడతానంది. మావయ్య విసుక్కున్నాడు. నెల రోజులు ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఆఖరికి గ్రామసేవక్ గారే ఒక దారి చెప్పారు. మడి మధ్యలో గట్టు వెయ్యండి, సగానికి అమ్మగారి గత్తం, సగానికి నా ఎరువు, విత్తనం ఒకటే, నీళ్లూ ఒకటే. పంటయ్యాక రెండూ విడివిడిగా వండి అమ్మగారి ముందు పెడదాం, ఏది గత్తం అన్నమో ఆవిడ పోల్చితే మడి ఎప్పటికీ ఆవిడ ఇష్టం. పోల్చలేకపోతే మీ ఇష్టం అన్నారు మావయ్యతో. అత్త ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, వీధంతా చాటింది. పుట్టినప్పట్నుంచీ తింటున్న అన్నం తెలీదా నాకు అని ఆవిడ ధీమా.

కోతలయ్యాయి. యూరియా వేసిన సగంలో కుప్ప రెండో దానికంటే బాగా ఎత్తుగానే లేచింది. అత్త ఆ వైపు చూడనట్టే నటించింది. రెండు వడ్లూ ఇంట్లోనే విడివిడిగా దంపించారు. వంట మా పక్కింటావిడ చేసింది. కంచాలు తోమి, వడ్డించేటప్పుడు పక్కనే ఉన్నదాన్ని నేను, గత్తం అన్నం పెట్టింది అంచున సొట్ట ఉన్న కంచంలోనని నాకు తెలుసు. అత్తకి ఆ సంగతి తెలీదు.

అరుగు మీద అత్త, ఎదురుగా మావయ్య, గ్రామసేవక్ గారు, చుట్టూ వీధిలోని ఆడవాళ్లు. కూరా లేదు, ఉప్పూ లేదు, వట్టి అన్నం. మొదటి కంచంలోంచి ఒక ముద్ద తింది. నెమ్మదిగా నమిలింది. నీళ్లు పుక్కిలించింది. రెండో కంచం ఆవిడ ముందుకి జరిగింది. సొట్ట కంచం. మావయ్య వీపు వెనక నిలబడి, అత్త తలెత్తగానే ఆ కంచం వైపు చూపించి, అదే అదే అన్నట్టు తలూపాను. అత్త నన్ను చూసింది. ముద్ద పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత తింది, చాలాసేపు నమిలింది.

"నాకు తెల్డం నేదు" అంది.

గ్రామసేవక్ గారికి గెలిచిన సంతోషమేమీ లేదు. రుచి వేరు, బలం వేరు అమ్మగారూ, బలం సంగతి ఏళ్లతరబడి తింటే గానీ నేనూ చెప్పలేనన్నారు. అత్త కంచంలో మిగిలిన అన్నం కోళ్లకి వేసేసి లోపలికెళ్లింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నేను చెప్పినా పట్టుకోలేదేం, ఇంత అమాయకురాలా మా అత్త అని ఆ వారమంతా ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను.

పందెం మర్నాడు గట్టు తియ్యడానికి మావయ్యకి చేతులు రాలేదు. చేలోకి వెళ్లి, బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. అత్తే పార తీసుకుని ఆ గట్టు కొట్టేసింది. ఆ పైయేడు యూరియా కూడా ఆవిడే జల్లింది. మావయ్య జల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుందట. ఆ యేడు మా ఇంట్లో ఆషాఢం వచ్చి వెళ్లిందని కూడా ఎవరికీ తెలీలేదు. అత్తకి రెండు పూటలా ఆకలేసేది. అది నేను కళ్లారా చూశాను కాబట్టి, పాతదంతా అమృతం, కొత్తదంతా విషం అని నా చేత ఎవరూ అనిపించలేరు. బియ్యం మూటలు మాత్రం ఆగలేదు. ఆ మడి పంటే, అదే గుడ్డలో, అదే సేరు. మనిషి లేచి తిరిగితే బియ్యం గొప్ప అనడం ఒక్కటీ మానేసింది. పెరటి గత్తాన్ని కాయగూర పాదులకి వేసుకుంది.

మొన్న వానాకాలంలో నా పురుటికి చోడవరమే వెళ్లాను. పదకొండో రోజు మధ్యాహ్నం, మిరియాల చారుతో నాకు అన్నం పెట్టి అత్త ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న మాట అప్పుడడిగాను. నేను తలూపడం నువ్వు చూశావు కదా, అయినా తెలీదని ఎందుకన్నావు అని.

అత్త చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"మొదటిది నములుతున్నప్పుడే ఇది మనది కాదనిపించిందే గుంటా. రెండోది నోట్లో ఎట్టకముందే నువ్వు సెప్పీసేవు. మరి ఆ తరవాత నా నాలుక సెప్తందో, నువ్వు సెప్పేవో నాకెలాగ తెలుస్తాది? తెలీని మాట తెలుసని ఎలాగ సెప్పను?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ మడిని పోగొట్టింది మావయ్యా కాదు, గ్రామసేవక్ గారూ కాదు. నేను. పదేళ్లు ఆ మాట నాతో అనకుండా, నాకు తల దువ్వి, జడ వేసి, పెళ్లి చేసి పంపింది. నావల్లే పోయింది కదత్తా నీ మడి అన్నాను. ఏడుపొచ్చేసింది.

"మడెక్కడికెల్లిందే, అక్కడే ఉంది. అంతమందిలో నువ్వొక్కర్తివీ నా వేపున్నావు. నాకది సాలు" అంది. పచ్చి బాలింతవి ఏడవకూడదని కసిరింది. తర్వాత నా ఒళ్లోంచి పిల్లని తీసుకుని, గోడకి చేరబడి కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. "తిను, సల్లారిపోతంది."

నేను ఏడుస్తూనే తిన్నాను. ఆ తినడం అయ్యేదాకా అత్త నా కంచం వైపే చూస్తూ, పొలం పనికి పగిలిన బొటనవేలితో పిల్ల అరికాలు మెల్లగా రాస్తూ కూర్చుంది.