నాలుగు కుర్చీలు

ఎవరింటికి పోయినా నాకిప్పుడు కుర్చీలో కూసోబుద్ధి కాదు.

సాయం మంజూరు చేసే ముందు దరఖాస్తు పెట్టినోళ్ల ఇల్లు చూసి రావడం మా హన్మకొండ ట్రస్టులో నా పని. ములుగు అవతల ఒక ఊళ్లె, కుట్టుమిషన్ అడిగినామె ఇంట్ల నాలుగు కొత్త కుర్చీలు, ఒక కూలర్ కనబడ్డయి. ఆ చల్లగాలికి కూసొని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి, ఫారం మీద 'అర్హత లేదు' అని రాసిన.

బయట బస్సు కోసం నిలబడి చూస్తే, ఆమె ఆ కుర్చీలను, కూలర్‌ను ఒక్కొక్కటే పక్కింట్ల ఇచ్చొస్తాంది. ఇదేందని అడిగిన.

"ఆఫీసరమ్మ ఇంటికొస్తే కింద కూసోబెడ్తమా?" అన్నది.

నా తెలివి తగలెయ్య!

ఆ ఫారం చింపి, ఆమెకు మిషన్ ఇప్పించిన. అంతకుముందు నేను వద్దని రాసొచ్చిన ఇండ్లల్ల ఎన్ని కుర్చీలు నా కోసం తెచ్చినయో, ఇప్పుడు ఎవరిని అడగాలె?