వరుసగా బిగించిన అయిదు నట్లు

మా ఇంట్లో మాటకన్నా చెయ్యే ముందు లేచేది. నాయిన మమ్మల్ని మగ్గం మీది నాడెతో కొట్టేవాడు. పోగు తెగితే దెబ్బ, తెగలేదని అబద్ధమాడితే ఇంకో దెబ్బ. పేక నూలును ఇటునుంచి అటు మోసే ఆ నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. ఆ మొన గుర్తు నా ఎడమ మోచేతి కింద ఇప్పటికీ ఉంది. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక్క చెంపదెబ్బతో నా పన్ను ఊడగొట్టాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? వాడి వీపు కొరికి రక్తం కళ్లజూశాను. అమ్మ ఇద్దర్నీ చెరో చేత్తో బాది, తర్వాత ఒకే పళ్లెంలో జొన్నరొట్టె పెట్టింది.

అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి కంప్యూటర్లో కారు చక్రాలు గీసుకుంటూ కూర్చున్నానంటే నాకే నవ్వొస్తుంది.

తొంభైల చివరి రోజులవి. వనపర్తిలో డిప్లొమా ముగించి గద్వాలకు తిరిగొచ్చాను. బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడి నాలుగు కంప్యూటర్లలో ఒకదాంట్లో యంత్రాల బొమ్మలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉండేది. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. మధ్యాహ్నాలు సెంటర్ ఖాళీగా ఉండేది, కరెంటు ఉంటే ఇక నేనూ నా చక్రాలూ. చక్రం అంచును నిలువునా కోస్తే ఎలా కనిపిస్తుందో ఆ గీత ఒక్కటి సరిగ్గా గీయాలి. దాన్ని నడిమి ఇరుసు చుట్టూ తిప్పమంటే తెర మీద నిండు చక్రం పుట్టుకొచ్చేది. నట్టు కన్నం ఒకటి గీసి అయిదుసార్లు చుట్టూ వెయ్యమంటే ఒకదాని వెంట ఒకటి వరుసగా కూర్చునేవి. వెనకాల గీతలు దాచి చూపించమంటే ఆ పాత మిషన్ పది నిమిషాలు గురకపెట్టేది. ఆ పది నిమిషాలూ కదలకుండా చూసేవాణ్ణి. మా నాయిన చేతిలోంచి కొత్త చీర అంచు మొదటి పువ్వు దిగుతున్నప్పుడు ఇంట్లో అందరం అలాగే చూసేవాళ్లం.

"బండి లేదు, బర్రె లేదు, చక్రాలట చక్రాలు! పిచ్చి లేసిందారా నీకు?" అని నాతో పాటు అక్కడ పాఠాలు చెప్పేవాడు ఎగతాళి చేసేవాడు. ఒకరోజు వాడు ఏదో ఆట ఎక్కించుకోవడానికి నా ఫ్లాపీ చెరిపేశాడు. రెండు నెలలు కష్టపడి గీసిన లారీ చక్రం అందులోనే ఉంది. అడిగితే, "బొమ్మనే గదా, మళ్ల గీసుకో" అన్నాడు. నా పిడికిలి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. వాడి ముక్కు పగిలి తెల్ల చొక్కా అంతా ఎర్రగా అయింది. కింద పడ్డాక కూడా రెండు తన్నాను. సెంటర్ యజమాని నా కాలర్ పట్టి గోడకు నెట్టి, "ఇంకోసారి చెయ్యి లేస్తే ఇంటికి పోతవ్ బిడ్డా" అన్నాడు. ఒక్క బొమ్మ కోసం మనిషి ముక్కు పగలగొట్టినవాణ్ణి నేను. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

తర్వాత నా కన్ను అన్న జీపు మీద పడింది.

అన్న అప్పటికి నాలుగేళ్ల కిందటే మగ్గం వదిలేశాడు. అంచులో ఒక వరుస తప్పిందని నాయిన విసిరిన నాడె వాడి కనుబొమ్మ చీల్చింది. ఆ రక్తం ముఖం మీదే ఉండగా వాడు మగ్గం పలక విరగ్గొట్టి బయటికి నడిచాడు. ధరూరు ఆసామి ఒకాయన జీపు కిరాయికి నడపసాగాడు. అప్పట్నుంచి నాయిన వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. వాడు మధ్యాహ్నం అమ్మ కోసం ఇంటికొచ్చి, తిని, ఒక కునుకు తీసి పోయేవాడు. "స్టీరింగ్ పడితేనే నేను మనిషినన్పిస్తదిరా. గా గుంటల కూసుంటే బొంద వెట్టినట్లుంటది" అనేవాడు నాతో. కాళ్లు గుంటలో పెట్టి కూర్చుని నేసే మా గుంట మగ్గం గురించి ఆ మాట. జీపు వాడికి తిండి మాత్రమే కాదు, నాయినకు చెప్పిన జవాబు కూడా.

ఆ జీపు చక్రం బయటి కొలతలన్నీ దారంతో, దర్జీ టేపుతో తీసుకున్నాను. లోపలి వంపు మాత్రం అందలేదు. చక్రం ఊడదీస్తే తప్ప కుదరదు. అన్నను అడిగాను.

"చక్రం మీద చెయ్యేస్తే చెయ్యి ఇరగ్గొడ్త. అది బొమ్మ కాదురా, పద్నాలుగు మంది పాణాలు" అన్నాడు.

నేను వింటేనా! ఒక మధ్యాహ్నం వాడు తిని పడుకున్నాడు. జాకీ, నట్లు విప్పే పానా తీసి ఎడమ ముందు చక్రం ఊడదీశాను. వంపు కొలిచాను, మందం కొలిచాను, కాగితం మీద రాసుకున్నాను. తర్వాత చక్రం ఎత్తి పెట్టి నట్లు బిగించాను.

ఎలా బిగించానో చెప్పాలి. మగ్గం మీది నిలువు నూలు, అదే పడుగు, అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటే అతకాలి. అది అమ్మ పని, చిన్నప్పుడు నా పని కూడా. మొదటి పోగు తర్వాత రెండోది, రెండోదాని తర్వాత మూడోది. ఒక్కటి దాటి వేలు ముందుకు పోతే అమ్మ వేలి కణుపు మీద కొట్టేది. వేల పోగులు అలా అతికిన చేతులు నావి. అందుకని మొదటి నట్టును నా బలమంతా పెట్టి బిగించాను, తర్వాత దాని పక్కది, తర్వాత దాని పక్కది. అయిదోది బిగిసేసరికి పని శుభ్రంగా చేశాననే అనుకున్నాను. చక్రానికి వరుస పనికిరాదు. ఒకటి కొద్దిగా బిగించి ఎదుటిదానికి పోవాలి, అలా అడ్డంగా పోతూ పోతూ అన్నీ కలిపి బిగించాలి. లేకపోతే చక్రం ఒక పక్కకు వాలి కూర్చుంటుంది, నట్లు బిగిసినట్లే ఉండి నడకలో వదులవుతాయి. ఈ సంగతి గ్యారేజీలో తుడిచేవాడికి కూడా తెలుసు. డిప్లొమా చదివిన నాకు తెలియదు.

మర్నాడు సంత. పొద్దున పదింటికి సెంటర్లో ఉన్నాను. ధరూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన బయట అరుస్తున్నాడు. "వాలు కాడ జీపు చక్రం ఊడి చేన్ల వడ్డది! డ్రైవర్ను సంపుతుండ్రు!"

ఏ చక్రమని ఎవర్నీ అడగలేదు.

సైకిల్ ఎంత తొక్కినా కదలనట్లే ఉంది. జీపు వేరుశనగ చేనులో ముక్కు పాతి ఉంది. ఎడమ ముందు చక్రం లేదు. ఎవరూ చావలేదు, కానీ ఒకామెకు చెయ్యి విరిగి ఎముక బయటికొచ్చింది, ఒక ముసలాయన తల పగిలి రక్తంలో కూర్చున్నాడు. అన్నను బానెట్‌కు ఆనించి కొడుతున్నారు. పత్తికట్టెలతో, చెప్పులతో, ఏది దొరికితే దానితో.

"చక్రం చూసుకోకుంట బండెట్ల తీస్తవ్‌రా లంజకొడకా!"

"మా అత్త చెయ్యి వోయింది! నీ చెయ్యి ఉంటదార ఇంక?"

ఆమె అల్లుడు కావచ్చు, జీపులోంచి పానా తీశాడు. నేను నిన్న పట్టుకున్న పానాయే. ఇద్దరు అన్న కుడిచేతిని బానెట్ మీద చాపి పట్టుకున్నారు. "స్టీరింగ్ వట్టిన చెయ్యి గిదేనా?" అంటూ కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ చప్పుడు ఎలా ఉందో రాయను.

నేను పది మూరల దూరంలో ఉన్నాను. ఫ్లాపీ కోసం లేచిన చెయ్యి లేవలేదు. "నేను ఊడదీసిన, వాడు కాదు" అని ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా అనలేదు. పక్కనున్న ముసలమ్మ, "నీకేమన్నా అయితడా బిడ్డా?" అని అడిగింది. కాడన్నట్లు తలాడించాను. థూ నా బతుకు! ఆ తల ఆడించడం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలిసిపోయి వాళ్లే వదిలేశారు. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి అన్నను ట్రాక్టర్‌లో దవాఖానకు తెచ్చాం. దారంతా వాడు కళ్లు తెరవలేదు. సాయంత్రానికి నాయిన వచ్చాడు. నాలుగేళ్ల తర్వాత కొడుకు ముందు నిలబడి, కట్లున్న మనిషి చెంప మీద ఫెడీమని ఒకటి పీకాడు.

"మగ్గం ఇడిసిపెట్టి గిదారా నువ్వు ఏలింది? నట్లు జూసుకునుడు గూడ తెల్వదా?"

"తెల్వలే నాయినా. చూసుకోలే. నాదే తప్పు" అన్నాడు అన్న. గోడకు ఆనుకుని నేను విన్నాను.

మర్నాడు సెంటర్‌కు పోయి నా చక్రం తెరిచాను. ఊడదీసిన సాయంత్రమే గీసిన లోపలి వంపుతో సహా అచ్చం అదే చక్రం, అయిదు నట్లూ నిక్కచ్చిగా కూర్చున్నాయి. ఫ్లాపీ లాగి కాలికింద వేసి తొక్కాను. కీబోర్డు ఎత్తి బల్లకేసి కొట్టాను. అక్షరాలు గది నిండా ఎగిరాయి. ఈసారి యజమాని తలుపు చూపించాడు.

జీపును ఆసామి తీసుకుపోయాడు. అన్న చేతిలో బండి పెట్టేవాళ్లు ఆ పక్క ఎవరూ లేరు. నాలుగు నెలలకు కట్టు విప్పారు. మూడు వేళ్లు లోపలికి వంగిపోయాయి, స్టీరింగ్ కాదు గదా, గ్లాసు కూడా నిలవదు. అన్న మళ్లీ మగ్గం గుంటలో దిగాడు. ఆ రోజు ఉదయం నాడె వాడి చేతిలోంచి మూడుసార్లు జారింది. నాయిన బూతులు తిట్టి, నాడె లాక్కుని గోడకేసి కొట్టి బయటికి పోయాడు. అన్న తలొంచుకుని కూర్చున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"అన్నా, చక్రం నేనే ఊడదీసిన. నువ్వు పండుకున్నప్పుడు. నేనే బిగించిన" అన్నాను. గుంట పక్కన కూలబడి ఏడ్చాను.

వాడు నా వైపు చూడలేదు. "తెల్సు" అన్నాడు.

"ఎట్ల తెల్సు?"

"చేన్ల వడ్డప్పుడే చక్రం జూసిన. రెండు కన్నాలు మంచిగున్నయి, మూడు ఒక్క దిక్కే అరిగినయి. డ్రైవరోడెవడు గట్ల బిగియ్యడు. వరుసవెట్టి పడుగు అతికినట్ల బిగిచ్చినవ్ గదరా మగ్గపోడా."

"మరి ఎందుకు చెప్పలే? వాళ్లు కొడుతున్నప్పుడన్నా..."

"నువ్వొచ్చుడు గూడ జూసిన. సైకిల్ వట్టుకోని నిలవడ్డవ్. చెప్తే నిన్ను గూడ సంపుతుండిరి. నోరు తెర్వకురా, దగ్గరికి రాకురా అని లోపల మొక్కుకుంటుంటి."

నేను గుంట అంచు మీద తల పెట్టాను. "కొట్టు అన్నా. నీ కాల్మొక్త, ఒక్కటన్నా కొట్టు."

"కొడ్తా. గట్లెట్ల ఇడిసిపెడ్త?" అన్నాడు. నా తల ఎత్తి, కుడిచెయ్యి వెనక్కి లాగి, పళ్లు బిగబట్టి కొట్టాడు. నా పన్ను ఊడగొట్టిన చెయ్యి అది. వంగిన వేళ్లు నా చెంపకు మెత్తగా తగిలి కిందికి జారిపోయాయి. వాడి ముఖం మాత్రం నొప్పితో ముడుచుకుపోయింది.

"తాకిందారా?" అని అడిగాడు.

"తాకింది" అన్నాను.

తాకలేదు. ఆ మాట వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు.