బాలింత గదిలో ఏడు షీట్లు

నేను వడ్రంగిని కాను, వడ్రంగులకు లెక్క కట్టి ఇచ్చేవాణ్ణి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న బోర్డు షీటును ఎలా కోస్తే తక్కువ ముక్కలు వృథా అవుతాయో కాగితం మీద గీసిస్తాను. చదివింది పదో తరగతి. ఈ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. నా కాగితాలు మహబూబాబాద్, డోర్నకల్ దాకా వెళ్లాయి.

జనగామలో ఉండే మా అమ్మాయి కాన్పుకు వస్తోందని, ఆ వేసవిలో భూపాలపల్లిలోని మా ఇంటి వెనుక గదికి తొందరపడి బీరువాలు చేయించాను. ఏడు షీట్లు సరిపోయాయి. బయటికి కనిపించే వైపే మైకా అంటించారు. లోపలి వైపు, అంచులు పచ్చి బోర్డే. కనిపించని చోట మైకా ఎందుకని నేనే అన్నాను. మిగిలిన ముక్కలతో పాప బట్టలకు మంచం కింద పెట్టె కూడా వచ్చింది.

దవాఖాన నుంచి తల్లీబిడ్డా వచ్చాక మా అమ్మ ఆ గది కిటికీలు మూయించింది. ఇరవై ఒక్క రోజులు వాళ్లకు గాలి తగలకూడదు. రెండు పూటలా కుంపటిలో నిప్పులు, సాంబ్రాణి. తలుపు కింది సందులో ఆమె గుడ్డ కుక్కుతుంటే ఆపి, నేను కొలిచాను. ముప్పాతిక అంగుళం. బోర్డు మందం కూడా అంతే. బోర్డు పట్టీ కోయించి తలుపు అడుగున మేకులతో బిగించాను. వెలుతురు గీత కూడా లోపలికి రాలేదు.

"సూడు, మీ బాపు చీమ గూడ దూరకుంట జేసిండు," అంది అమ్మ, మా అమ్మాయితో.

"చీమ సంగతి ఇడిచిపెట్టు నాయినమ్మా, నాకే ఊపిరాడ్తలేదు. కండ్లు మండుతున్నయి."

"కొత్త సామాను వాసన బిడ్డా. మా కాలంల కొత్త సామాను యాడిది, వాసన సూద్దామంటె?"

అమ్మాయి నా వైపు తిరిగింది. "బాపూ, కిటికీ జర తియ్యరాదు?"

"ఓ వారం ఆగు. వాసనదేమున్నది, పోతది," అన్నాను. వారం అనే అంకె ఎక్కడి నుంచి తెచ్చానో నాకు ఇప్పటికీ తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున పాప పాలు తాగడం మానేసింది. ముక్కుపుటాలు ఎగరేస్తోంది. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్బై రెండు. తప్పేమోనని మళ్లీ లెక్కపెట్టాను. డెబ్బై నాలుగు.

అరవై దాటితే ప్రమాదమని దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లో కొత్త ఫర్నిచర్ ఏమైనా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. అలాంటి బోర్డులో చెక్కపొడిని పట్టి ఉంచే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుందట. గది మూసి, వేడిగా ఉంటే ఇంకా ఎక్కువట.

"దానివల్లనేనా అమ్మా?"

"కుంపటి పొగ గావొచ్చు, బోర్డు గావొచ్చు, వేరే ఏమన్న గావొచ్చు. నేను తేల్చి చెప్పలేను. ఆ రూముకైతే మళ్ల తీస్కపోకుండ్రి."

ఇంటికొచ్చి గది లెక్క కట్టాను. అన్ని వైపులా పదేసి అడుగులు, అంటే వెయ్యి ఘనపుటడుగుల గాలి. అందులో రెండు వందల చదరపు అడుగులకు పైగా పచ్చి బోర్డు. మిగిలితే అటక మీద పడేసిన బోర్డు ముక్క అంచున కంపెనీ ముద్ర ఉంది. పొడవు, వెడల్పు, మందం నేను చదివినవే. వాటి పక్కన ఒక అక్షరం, ఒక అంకె. బోర్డు ఎంత వాయువు వదులుతుందో చెప్పే గుర్తు అదేనని తర్వాత తెలిసింది. కోతకు పనికిరాదని నేను వదిలేసినది అదొక్కటే.

నాలుగు రోజులకు పాప ఇంటికి వచ్చింది. కిటికీలన్నీ తెరిచిన ముందు గదిలో పడుకోబెట్టాం. నిమిషానికి నలభై నాలుగు. బీరువాలు తీయించేశాను. అయినా ఉక్కపోసిన రోజున ఆ గదిలోకి వెళితే ఇంకా కళ్లు మండుతున్నట్టే ఉంటుంది.

నా పాత నోటుబుక్కులో వేరే మూడు ఇళ్లకు గీసిచ్చిన లెక్కల పక్కన "కాన్పుకు ముందే కావాలి" అని నా చేతిరాతే ఉంది. రెండు ఇళ్లకు ఫోన్ కలిసింది, పిల్లలు బాగున్నారు. మూడోది టేకుమట్ల ఊరివాళ్లది. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

మనవరాలికి రెండేళ్లు నిండాయి. మొన్న వచ్చినప్పుడు మధ్యాహ్నం ముందు గదిలో నిద్రపోతుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టాను.

"ఎంత బాపూ?" అంది అమ్మాయి, నవ్వకుండా.

"ఇరవై ఆరు. ఈ ఈడుకు మంచిదే."

పాపను దవాఖానకు తీసుకెళ్లిన రోజు నుంచి కుంపటి ముట్టని మా అమ్మ, గడప అవతలి నుంచి మెల్లగా అంది: "ఇంకోపాలి లెక్కవెట్టు కొడుకా."