పంతులమ్మ నీళ్ళ చెంబు

మా పంతులమ్మ పోయిన సంగతి నాకు కోంటా బస్టాండులో తెలిసింది. టీ కొట్టు దగ్గర ఒకాయన మా ఊరి పేరు చెప్పి, "ఆడ ఎవరో ఒక ముసలామె పోయిందంట, ఇంగ్లీషు వచ్చంట" అన్నాడు పక్కవాడితో. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. టీ గ్లాసు దించి బస్సెక్కాను. కానీ "ఎవరో ఒక ముసలామె" అన్న మాట బస్సులో ఊరి దాకా నాతోనే వచ్చింది. యాభై ఏళ్ళు వచ్చాక కలం పట్టింది ఆ మాటకు జవాబు చెప్పడానికే.

నా చిన్నప్పుడు మాది బస్తర్ సంస్థానం. గొల్లపల్లి నుంచి నడిచి చేరేంత దూరంలో మా ఊరు. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, సంతలో కోయోళ్ళ దోర్లీ. శబరి ఏరు అవతల నుంచి వచ్చిన పంతులమ్మ ఆడపిల్లలకు వీటికి తోడు ఇంగ్లీషు కూడా చెప్పేది. అందులోనూ ఎ, యాన్, ది అనే మూడు చిన్న మాటల దగ్గర ఆమె పట్టు వదిలేది కాదు.

"అవి లేకున్నా అర్థమైతది గదమ్మా" అన్నాను ఒకసారి.

"చిన్నవని నువ్వు వాటిని వదిలేస్తే, చిన్నోళ్ళని నిన్నూ వదిలేస్తరు బిడ్డా. పెట్టు."

శబరి ఏటి పేరుకు ముందు "ది" పెట్టాలని చెప్పింది, ఊరి పేరుకు అక్కర్లేదంది. "మా ఊరేం తప్పు చేసింది?" అని అడిగితే, "ఊరికి పేరే చాలు, కూర్చో" అంది.

అసలు పాఠం గుమ్మం దగ్గర జరిగేది. బడి గుమ్మమైనా, ఆమె ఇంటి గుమ్మమైనా అక్కడ ఎప్పుడూ ఆమె ఇత్తడి చెంబులో నీళ్ళుండేవి. ఎవరొచ్చినా ముందు నీళ్ళిచ్చి, తర్వాత ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడగడం మా వైపు మర్యాద. దాన్నే ఆమె పాఠం చేసింది. దారిన వచ్చేవాడు "ఎ మ్యాన్", ఎవరో ఒక మనిషి. నీళ్ళు తాగాక "ది మ్యాన్", ఆ మనిషి, ఇక మనకు తెలిసినవాడు. మేం గుమ్మం పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళు చెంబు దించగానే "ది" అని గుసగుసలాడి నవ్వుకునేవాళ్ళం.

ఒక ఏడు బడులు చూసే తనిఖీ సాహెబు దౌరా మీద వచ్చాడు. ఆడపిల్లలకు ఇంగ్లీషు దండగని ఆయన ముందే అన్నాడట. మేం సరిగ్గా చెప్పకపోతే ఆ క్లాసు ఆగిపోతుందని పంతులమ్మ మాకు దాచకుండా చెప్పింది. ఆయన వస్తూనే ఆమె చెంబు అందించింది. ఆయన దాని వైపు చూడలేదు. తన కూజా తనే తెచ్చుకున్నాడు.

తర్వాత నన్ను లేపి, పొద్దుటి నుంచి బడిలో ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఎ మ్యాన్ వచ్చాడు, ఎ మ్యాన్ కుర్చీలో కూర్చున్నాడు, ఎ మ్యాన్ ప్రశ్న అడిగాడు. మూడుసార్లూ "ఎ" అన్నాను. ఆయన నీళ్ళు తాగలేదు కదా మరి. నాకు వేరే మాట నోట్లోకి రాలేదు.

"ఒకసారి చెప్పిన మనిషిని మళ్ళీ చెప్పేటప్పుడు 'ది' అనాలి. అది కూడా రాదు. ఇక ఈ తమాషా బంద్" అన్నాడు హిందీలో. మా అందరి చదువు నా నోటితోనే పోయిందనుకున్నాను.

పంతులమ్మ లేచింది. గొంతు పెంచలేదు.

"మీరన్నది నిజం సాహెబ్. పిల్ల తప్పే చెప్పింది. అట్ల నేర్పింది నేను. మా గుమ్మంలో నీళ్ళు తాగనోళ్ళు మాకు తెలిసినోళ్ళు కారు." అని చెంబు మళ్ళీ ఆయన ముందు పెట్టింది. "ఇప్పుడు తాగండి. పిల్ల సరిగ్గా చెప్తది."

ఆయన తాగలేదు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. బడిలో ఇంగ్లీషు ఆ రోజుతో ఆగింది.

మర్నాడు పొద్దున పంతులమ్మ తన ఇంటి అరుగు మీద చాప పరిచింది. ఊరి పెద్ద పటేల్ పరుగున వచ్చాడు.

"సాహెబు వద్దన్నడు గదమ్మా, మళ్ళ ఇదేంది?"

"సాహెబు బడికి చెప్పిండు పటేలా, నా అరుగుకు చెప్పలే. దూపైతున్నట్టుంది, నీళ్ళు తాగు."

పటేల్ నీళ్ళు తాగాడు. చాప మీద మేం నలుగురం "ది" అన్నాం. ఆయనకేం అర్థం కాలేదు గాని, వారం తిరక్కుండా తన మనవరాలిని తెచ్చి కూర్చోబెట్టాడు. సంస్థానం పోయింది, సాహెబులు మారారు, చాప మాత్రం లేవలేదు. నేను హైస్కూలు దాటింది ఆ చాప మీద నేర్చిన ఇంగ్లీషుతోనే. రామయ్యకు దీపం పెట్టినప్పుడల్లా ఆ అరుగుకూ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ రోజు కోంటా నుంచి వచ్చి బస్సు దిగి వెళ్ళేసరికి పంతులమ్మ అరుగు నిండా జనం. నాకు తెలియని ముఖాలే ఎక్కువ. ఏడవడానికి ముందు చెంబు వెతికాను. దాని అంచు ఒకవైపు అరిగి పలచబడింది. నింపి, వచ్చినవాళ్ళకల్లా ఇచ్చాను. ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడిగాను. ఎవరి దగ్గరా గొంతు తగ్గించలేదు.

ఇది చదివినవాళ్ళు ఈ కాగితాలు దాచండి. తప్పొప్పులు దిద్దే సాహెబులకు మాత్రం చూపించొద్దు. ఆమెకు ఎవరి మార్కులూ అక్కర్లేదు. నేను తిరిగి వచ్చేటప్పుడు చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. గుమ్మం దగ్గర చెంబు నిండుగా పెట్టి వచ్చాను.