చిటికెడు పిండి

ఇది ఎవరికీ చెప్పలేదు: పక్క క్వార్టర్‌ ఫౌజీ అంకుల్‌కి పోపంటే భయం.

అంతర్యుద్ధం సాగే దేశంలో శాంతిసేనతో ఉండేవారాయన. ఏటికి అవతల తిరుగుబాటుదారులు. ఒకరోజు వీళ్ల శిబిరంలో వేసిన పోపు ఘాటు గాలికి అటు కొట్టింది. ఆవాల చిటపటలోనే తూటాలు మొదలయ్యాయట. అప్పటినుంచి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో కూడా, ఆంటీ ఆవాలు తీయగానే కిటికీలోంచి చిటికెడు పిండి వదిలి గాలి ఎటో చూసేవారు.

"అచ్ఛా, పప్పుకీ పర్మిషనా!" అని ఆంటీ వెక్కిరించేవారు.

"అలవాటేనే, భయం కాదు." ఆ మాటతోనే, మళ్లీ అక్కడికి వెళ్లడానికి ఆవిణ్ణి ఒప్పించారు.

ప్రయాణం ముందురోజు ఆంటీ లోపల పెట్టె సర్దుతుంటే, వాళ్ల వంటింట్లో పోపు నేను వేశాను. గాలి చూడలేదు. ఆవాలు పేలగానే ఆయన నన్ను కిందికి లాగి, నా తలమీద చెయ్యి అడ్డుపెట్టారు. ఆవాల చప్పుడు ఆగినా ఆ చెయ్యి తియ్యలేదు.

"ఏమిటే చప్పుడు?" ఆంటీ కేకేశారు.

ఆయన నాతో చివరిగా మాట్లాడింది అప్పుడే, గొంతు తగ్గించి:

"గరిటె జారిందని చెప్పమ్మా."