కాలనీకి గీయని గీత

ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె పళ్లెం నా వరుస దగ్గరికి వచ్చేసరికి నా చేతులు చల్లబడిపోతాయి. ఆరేళ్లుగా ఇంతే. అయోగ్యంగా తీసుకునేవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. అయినా తీసుకుంటాను. తీసుకోకపోతే పక్కవాళ్లు ఎందుకని అడుగుతారు. దేవుడి కంటే పక్కవాడికి ఎక్కువ భయపడ్డానన్నమాట. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను ఎండాకాలంలో పల్లెలకు నీళ్ల ట్యాంకర్లు పంపే ఒక కాంట్రాక్టు ఆఫీసులో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. మా పెనుకొండ వైపు బోర్లు ఎండితే ట్యాంకరే దిక్కు. జనం ఫోన్‌లో నింపే ఫారం దానంతటదే ట్యాంకర్ల జాబితాగా మారి డ్రైవర్ల ఫోన్లకు చేరేలా మ్యాపింగ్ అనే ఒక పటం తయారుచేయమన్నారు. తెర మీద ఎడమవైపు ఫారంలోని గడులు, కుడివైపు జాబితాలోని గడులు. ఏది ఎందులోకి పోవాలో గీత లాగి కలపాలి. ఆ తర్వాత మనిషి చూడనక్కర్లేదు.

ఫారంలో ఊరు అని ఒక గడి, కాలనీ అని ఒక గడి ఉన్నాయి. ఊరిని కలిపాను. కాలనీని కలపలేదు. కలపని గడి ఎర్రగా మెరిసింది. ఆ హెచ్చరికను నేనే ఆపేశాను.

ఎందుకు? మరచిపోయానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నేను పుట్టింది ఊరి బయట దళితులుండే అలాంటి కాలనీలోనే. బడిలో చేర్పించేటప్పుడు మా నాయన, ఎవరడిగినా ఊరి పేరే చెప్పు, కాలనీ అనొద్దు అని నేర్పించాడు. ఆ గడిని చూడగానే ఎవరో నా పుట్టుక అడిగినట్టు అనిపించింది. ఊరి పేరు ఉంది కదా, అది చాలదా అనుకున్నాను. మా వాళ్ల మర్యాద కాపాడుతున్నాననే అనుకున్నాను.

కాలనీ గడి కలవలేదు కాబట్టి, ఒక ఊరి నుంచి ఒకే రోజు రెండు ఫారాలు వస్తే రెండోది మొదటిదాని నకలని యంత్రం తీసేస్తుంది. ఊళ్లోవాళ్లు పొద్దున్నే నింపేవారు. కాలనీవాళ్లు కూలికి పోయి వచ్చి సాయంత్రం నింపేవారు. తొమ్మిది రోజులు ఒక కాలనీకి చుక్క నీరు పోలేదు. నీళ్ల కోసం పాడుబడిన బావిలోకి దిగిన ఒక పెద్దామె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

నింద ఆ ఊరికి ట్యాంకరు తోలే డ్రైవర్ రత్నమన్న మీద పడింది. మా చర్చి సంఘంలోవాడే. ఫారం అందిందని కాలనీవాళ్ల ఫోన్లలో ఉంది కాబట్టి, కాలనీ ట్యాంకరు నీళ్లను హైవే హోటళ్లకు అమ్ముకున్నాడన్నారు. పటం సరిగా ఉందా అని మేనేజరు నన్ను అడిగాడు. సరిగానే ఉంది సార్ అన్నాను. అప్పటికే చూసుకున్నాను. తప్పు ఎక్కడుందో తెలిసే అన్నాను. మర్నాడు ఎవరూ చూడకుండా ఆ గీత కలిపాను. నిమిషం పట్టలేదు. రత్నమన్నను పనిలోంచి తీసేశారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం వెనక చెప్పుల దగ్గర ఆయన నా పక్కకు వచ్చాడు.

"ఏమప్పా, ఆ కాలనీ పేరు యా రోజన్నా లిస్టులో వచ్చిండాదా?"

"నేను చూడలేదన్నా. అంతా మిషనే పంపిస్తాది గదా."

"మిషనుకు నా మీద పగేముంటాది లే. నా ఫోను అద్దం పగిలిండాది. ఆ పగుళ్లలో యాడో ఇరుక్కున్యాదేమో ఆ పేరు." నవ్వాడు. తర్వాత తల వంచాడు. "నాకోసం ప్రార్థన చెయ్యప్పా. నీది సదువుకున్న నోరు."

ఆయన తల మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి వణికింది. పరిశుద్ధాత్మ కదిలిందని ఆయన అనుకుని ఉంటాడు. 'ప్రభువా, నిజాన్ని బయటపెట్టు' అని పైకే ప్రార్థించాను. ఆయన ఆమెన్ అన్నాడు. నేను అనలేదు.

నా జీవితంలో నెరవేరకూడదని భయపడిన ప్రార్థన అదొక్కటే. ఫోన్ మోగితే అదేనా అనుకుంటాను. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో నా వైపు చూస్తే పాటల పుస్తకంలోకి తల దించుకుంటాను. సంఘంలో ఎవరు ఆ మాటతో ప్రార్థన మొదలుపెట్టినా చివర నా నోట ఆమెన్ రాదు. దేవుడు ఆలస్యం చేస్తున్నాడా, లేక నేను చెప్పాలని చూస్తున్నాడా? ఏది ఎక్కువ భయంకరమో నాకు తెలియదు.

రత్నమన్న ఇప్పుడు సోమందేపల్లెలో ఆటో నడుపుతున్నాడు. హోటళ్లకు నీళ్లమ్మిన రత్నం అని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. కనిపిస్తే బాగుండావా అప్పా అని ముందు ఆయనే పలకరిస్తాడు. ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్తానని మీకు మాటిచ్చే ధైర్యం కూడా లేదు.

ఇంతవరకు రాసి, తలుపు వేసుకుని మోకరించాను. ఆరేళ్ల కిందటి ఆ ప్రార్థనే, ఆ మాటలతోనే మళ్లీ పైకి అన్నాను. ఈసారి ఆమెన్ అన్నాను.